శనివారం బండి

శుక్రవారం పొద్దు వాలిందంటే
అగ్గిపుల్ల ముట్టడు మల్కీయా తాత.
మా పేటలో చుక్కలు లెక్కపెట్టి
షబ్బాతు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో చెప్పేది ఆయనే.

ఆ రాత్రి నాకు గోడల నిండా జెర్రులు.
మందు ఆపేసి మూడో రోజు.
మంచం కోళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి,
మిర్చి యార్డులో ఇన్నేళ్ళు మోసిన టిక్కీలన్నీ
ఒకేసారి గుండెల మీద దింపినట్టు.
కెజియా వాకిట్లో నిలబడి అరుస్తోంది,
దేవుణ్ణో, నన్నో.

తాత వచ్చాడు.
షబ్బాతు దీపాలు ఇంకా కొండెక్కలేదు,
ఆ వెలుతుర్లో నా మొహం చూశాడు.
చూసి, సందులోంచి టీవీఎస్ బండి తీశాడు.
కిక్కు కొట్టాడు.

తలుపులు తెరుచుకున్నాయి.
"తాతా, ఇయ్యాళ..." అన్నారెవరో.
"ప్రాణం పోతుంటే ఇయ్యాళే దారిస్తుంది.
నువ్వు పక్కకి జరుగు."

మధ్యలో నేను. వెనక కెజియా,
కొంగుతో నన్ను ఆయన నడుముకి కట్టేసింది.
నారాకోడూరు. బుడంపాడు.
గుంటూరు పెద్దాసుపత్రి.

చీటీ రాసే అమ్మాయి అడిగింది:
ఓబదయా అంటే క్రిస్టియన్సేగా?
కాదమ్మా, యూదులం.
చెబ్రోలు పక్కన యూదులా! పెన్ను ఆగిపోయింది.
"పేషెంటు అని రాసుకో తల్లీ" అన్నాడు తాత.

పదకొండు రోజులు.
ఇది జబ్బు, పాపం కాదు అంది డాక్టరమ్మ.
నేను నమ్మలేదు.
తాత మంచం పక్కన బత్తాయి ఒలుస్తూ
తెషువా అంటే తిరిగి రావడంరా అన్నాడు,
ఎటూ పోనోడికి ఆ మాటతో పనేముంది.
మరి రేపో? అన్నాను.
ఎడారిలో మన్నాని రేపటికి దాచుకుంటే
పురుగు పట్టింది.
ఈ పూటకి ఏరుకో.
తొన నా నోట్లో పెట్టాడు.

ఇంటికొచ్చిన శుక్రవారం
గిన్నె చేతులు మారుతూ నా వైపు వస్తోంది.
నాకు చెమటలు.
ముక్కు దగ్గరికి రాగానే తెలిసింది
కిస్మిస్ కాచి వడగట్టిన నీళ్ళు.
నా ఒక్కడికే కాదు, పేట మొత్తానికి అదే.
ఎందుకు మార్చారో ఎవరూ అనలేదు.
ఆ అనకపోవడమే
నాకు ఎక్కువ కష్టమైంది.

ఇప్పటికీ నారాకోడూరు సెంటర్లో
వైన్ షాపు దగ్గర
సైకిల్ హ్యాండిల్ నన్నడక్కుండా తిరుగుతుంది.
ఒక్కోసారి దిగి నడిపించుకుపోతాను.
ఒక్కసారి లోపలికి పోయాను కూడా.
కెజియాకి చెప్పాను. అన్నం పెట్టింది,
మాట్లాడలేదు.

తెల్లారి కళ్ళు తెరవగానే
ప్రాణం తిరిగిచ్చినందుకు దండం అనాలి మేము.
పెదాలతో అనేవాణ్ణి ఇదివరకు.

కుడి పిక్క మీద
సైలెన్సర్ కాలిన మచ్చ ఉంది, ఆ రాత్రిది.
శనివారాలు
తడుముకుంటాను.