కిలో లెక్కన

ముహర్రక్‌లో, అబూ నాసర్ ఇంటి హాల్లో
నాలుగొందల లీటర్ల అద్దాల తొట్టి.
"పైదాకా నింపు రాయి" అంటాడాయన.

తడి కాగితాల్లో చుట్టి వచ్చిన రాయి,
కిలో తొమ్మిది దినార్లు.
బేతంచెర్లలో బండకింతని కొట్టినవాణ్ణి.
రాయికి ప్రాణముంటుందని
అప్పుడెవరన్నా చెప్పుంటే నవ్వేవాణ్ణి.

రెండు నెలలకు దీనికి ఊదారంగు పొర పడుతుంది.
రాత్రి టార్చి వేస్తే
చిల్లులోంచి గోరంత పీత ఒకటి
అద్దె అడగడానికొచ్చినట్టు చూస్తుంది.

పాత లెక్కన యాభై కిలోలు.
షాపు కోయా బిల్లులో అదే రాశాడు.
నేను ముప్పై దగ్గర చెయ్యి ఆపాను.

చేపకు ఇల్లొక్కటే చాలదు,
ఇంటి వెనక సందు కావాలి,
నీళ్లు చుట్టి తిరిగొచ్చే దారి కావాలి.
కిక్కిరిస్తే అడుగున మురుగు నిలుస్తుంది.
అది మన ముక్కుకు తెలిసే లోపలే
చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

ఇదంతా నా విరిగిన అరబ్బీలో
"మాయ్ లాజిమ్ యిమ్షీ" అయి ఊరుకుంది.
నీళ్లు నడవాలి, అంతే.

ఆయన మీసం దువ్వుకుంటూ
చాలాసేపు తొట్టిలోకి చూశాడు.
"ఖలాస్. ముప్పై."

మిగిలిన ఇరవై బకెట్లలో, ఉప్పునీళ్లలో,
వ్యాను వెనక మూలుగుతూ వచ్చాయి.
కోయా ఏమంటాడో రేపు చూడాలి.

గదికి చేరేసరికి
కొత్తగా దిగిన చంద్రాయుడు
తొమ్మిదో మంచం ఎక్కడ పడుతుందా అని
పెట్టె పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు.

ఏం చెప్పాలో తోచక
కిటికీకి అడ్డంగా ఉన్న నా ట్రంకుపెట్టె
పక్కకు జరిపాను.