రెండో బల్ల

వారాసిగూడ చౌరస్తా దాటినంక
జిరాక్సు దుకాణం మెట్ల కింద
మూడడుగుల బల్ల నాది.
తల లేపితే మెట్టు తగుల్తది.
వచ్చినోళ్లకు నా మొదటి సలహా అదే:
"జర వంగి కూసోండ్రి."

పన్నెండేండ్లాయె.
మౌలాలిల ఇంకో బల్ల వేద్దామని
నిన్న అడ్వాన్సు ఇచ్చొచ్చిన.
పట్టాల పక్క రేకుల గది,
గోడకు పాత కిరాయిదారు వదిలిపోయిన క్యాలెండరు.
ఏ యేడుదో చూడలే.

నా దగ్గరికి వచ్చేటివన్నీ
కంపెనీ అని చెప్పుకోనీకి సిగ్గుపడే కంపెనీలు.
బురఖాలు కుట్టే సఫూరా ఓ కాయితం
చేతిరుమాల్ల చుట్టి వణుక్కుంట తెచ్చింది, టాక్సు నోటీసని.
విప్పి చూస్తే
బ్యాంకోళ్ల పండుగ శుభాకాంక్షలు.
నవ్వి నవ్వి చాయ్ తెప్పించుకున్నం.
ఫీజు తీసుకోలే.
చాయ్ పైసలన్నా తీసుకోవాల్సింది.

తుల్జాబాయి ఇడ్లీ బండి లెక్క
మొదటిసారి రాసిన రోజు
అన్నీ చెప్పింది ఆమె. మినప్పప్పు, రవ్వ, గ్యాసు,
పల్లీలు, పేపర్ ప్లేట్లు,
కానిస్టేబులు తినిపోయే పొద్దటి ప్లేటు సుత.
"నీ కూలి?" అన్న.
"నా కూలేంది, నేనే కద!"

పెన్ను ఆగిపోయింది.
ఈ పట్నంల ఎన్ని షటర్లు
ఆ 'నేనే కద' మీద లేస్తున్నయో.
ఏ ఫారంల ఆ గడి లేదు.
స్కేలు పెట్టి నేనే గీసిన,
రోజుకు నాలుగు వందలని రాయించిన.
ప్లేటుకు ఐదు రూపాయలు పెంచి
ఆ రాత్రంతా నిద్రపోలేదట.
తెల్లారి గిరాకీ అట్లనే ఉంది,
ఒక్క ఆటో ఆయన తప్ప.
ఆయనా నాలుగో రోజుకు వచ్చిండు,
మొహం అటు తిప్పుకొని తిన్నడు.

అన్నీ ఇట్ల కావు.
బాలానగర్ గల్లీల లేతు మిషను పరమేశం.
"లోను తీస్కో, రెండో మిషను పెట్టు" అన్నది నేనే.
ఫైలు ముద్దుగ చేసిన, మేనేజరు మెచ్చుకున్నడు.
ఆర్డర్లిచ్చే ఫ్యాక్టరీ ఆర్నెల్లల్ల మూతపడతదని
ఏ ఫైలు చెప్తది?
మిషను అమ్మిన్నాడు వచ్చి కూసున్నడు.
మెట్టు నెత్తికి ఠంగున తగిలింది,
రుద్దుకోను కూడ లేదు.
"మీ తప్పేం లేదు" అన్నడు.
ఆ మాటకు రసీదు రాయలేకపోయిన.

అప్పటిసంది ప్రతి ఫైలు చివర
ఒక ప్రశ్న అడుగుతున్న:
"ఇది మునిగితే ఏం తింటవ్?"
కొందరు లేచిపోతరు. పోనీ.

ఇంకో బల్లంటే ఇంకో మనిషి కావాలె.
టై కట్టుకొని ఒక పిల్లగాడొచ్చిండు,
'విస్తరణ వ్యూహం' అన్నడు,
గోడకు పెద్ద తెర కావాలన్నడు.
మౌలాలిల మాకు
దోమతెర దొరికితే గొప్ప.

మొన్న రాత్రి నా లెక్కే నేను తీసిన.
రెండు అద్దెలు, నెట్టు, ఇంకు, కరెంటు.
కింద గీత కొట్టబోతుంటే
బాకీ కట్టనీకి వచ్చిన తుల్జాబాయి
కాయితం మీద వేలు పెట్టింది.
"నీ కూలేదక్కా?"

చదివింది ఏడో తరగతి.
పొద్దున పదింటికల్లా బండి ఖాళీ.
తాళంచెవి ఆమె ముందర పెట్టిన.
ముట్టుకోలే.
"ముందుగల్ల నా కూలి మాట్లాడు" అన్నది.
గంటసేపు గుంజింది, నేను నేర్పిన బేరమే.

ఇయ్యాల గది తెరిచినం.
క్యాలెండరు పీకితే వెనక సున్నం మీద
ఎవరిదో పెన్సిలు లెక్క,
పేరు లేదు, సగంల ఆగింది.
తుడుద్దామని బట్ట తడిపిన.
"ఆగు" అని ముక్కాలిపీట జరుపుకొని
తుల్జాబాయి పైనుంచి కూడుకుంట వస్తున్నది,
పెదాలు కదుపుకుంట.