జీరో టికెట్

బస్తీ దవాఖానల నుజ్హత్ మేడం
మందుల చీటీ ఎనకకు తిప్పి లెక్క రాసింది.
బరువు డెబ్బై ఎనిమిది, పదితోని గుణించు.
ఎత్తు నూట యాభై నాలుగు, ఆరుంబావుతోని.
వయసు నలభై మూడు, ఐదింతలు చేసి తీసెయ్యి.
ఇగ ఆఖర్న
ఆడమనిషివి గనుక ఇంకో నూట అరవై ఒకటి తీసెయ్యి.

గదేంది మేడం అన్న.
మగోళ్లకైతే ఐదు కలుపుతం అన్నది, నవ్వకుండ.

బస్సుల మాకు ఫిరీ అయిందని
పొద్దుగాల్నుంచి మొఖం ముడుచుకునేటోళ్లకు
ఈ నూట అరవై ఆరు సంగతి ఎవరన్న చెప్పాలె.

"పనేంటిది? కూసునేదా, నిలబడేదా?"
ఏమని చెప్పాలె.
ఉప్పల్ల ఎక్కుత, మెహిదీపట్నంల దిగుత, మళ్ల ఎక్కుత.
దినాం నూట ఇరవై కిలోమీటర్లు.
నడిచేది బస్సు.
నేను దాని కడుపుల నిలబడి
ఒక చేత్తోని రాడ్డు, ఒక చేత్తోని మిషిను,
ఆరాంఘర్ కాడ బ్రేకు పడితే
తొంభై మంది నా నడుం మీద.
మేడం జరసేపు పెన్ను కొరికి
'తేలిక పని' అనే గడిల వేసింది.
ఇరవై ఏండ్ల నౌకరికి ఇన్నాళ్లకు ఒక పేరొచ్చింది.

అన్నీ కూడి, గుణించి, ఐదొందలు కోస్తే
పదమూడు వందల ఎనభై.
గదీ నా దినం.

డ్రైవర్ లింబాద్రి పడిపడి నవ్విండు:
"లీటరుకు ఎంత తీసినవని నా పేరు డిపో బోర్డు మీద రాస్తరు,
నీక్కూడ మొదలైందా అక్కా?"

టికెట్ రోలు అయిపోంగ మిగిలిన కాయితం మీద
రాసుడు షురూ చేసిన.
జొన్నరొట్టెలు రెండు. పప్పు గంటెడు.
చివరి స్టాపు కాడ ఇరానీ చాయ్, వంద.
ఉస్మానియా బిస్కట్ ఒకటి.
రెండోది లింబాద్రిదని రాయలె.

మూడు వారాలు, రోజూ లెక్క లోపలే.
కాటా ముల్లు మాత్రం డెబ్బై ఎనిమిది కాడనే,
స్టాపు ముంగట అడ్డంబెట్టిన ఆటో లెక్క.

కాయితం మీద ముప్పై మంది, లోపల యాభై మంది ఉంటే
దాని అర్థమేందో నాకు తెల్వదా?
ఎవరో టికెట్టు లేకుండ కూసున్నరు.

చెకింగు నేనే చేసిన, నా వంటింట్ల.
ఉప్పు చూసిన గంటె.
పిల్లగాడు ఇడిసిపెట్టిన సగం గుడ్డు.
బిడ్డ డబ్బాల తిరిగొచ్చిన పులిహోర.
పాలగిన్నె అంచుకంటిన మీగడ.
ఆయన పళ్లెంల మూడు ముద్దలు.
అన్నీ గిన్నెలు తోమే ముందు, నిలబడి,
పారేస్తే పాపమని మింగినయే.
ఇవేవీ తినుడు కింద నేనెన్నడూ పట్టలె.

బస్సులనైతే పైసలియ్యని ఆడమనిషికి గూడ
సున్నా టికెట్టు కొట్టాలె,
కొట్టకుంటే నా మీద కేసు.
వంటింట్ల నాకు నేను ఆ సున్నా గూడ కొట్టుకోలె.

మా అమ్మ కంచంల మెతుకుంటే లేవనియ్యకపోయేది.
కరువుల పెరిగిన మనిషి.
ఆమె దినాం గింజలు ఎంచింది,
ఎందరికి సరిపోతయని.
నేను ఎంచేది చూస్తే ఏమనునో.

నిన్న రాత్రి పదకొండింటికి డ్యూటీ దిగొచ్చి
సింకు కాడ నిలబడ్డ.
పిల్లగాని కంచంల పెరుగన్నం,
రెండు ముద్దలు, మీద మామిడి తొక్కు.
పారబోయ చేయి రాలె.
కుర్చీ గుంజుకోని కూసున్న.
ముందు రాసిన: రెండు ముద్దలు, తొంభై.
మొత్తం పదిహేను వందల పది.
నూట ముప్పై ఎక్కువ.

డిపోల తక్కువొస్తే జేబుల నుంచి కడుత.
ఎక్కువొస్తే ఎట్ల కట్టాలెనో
మేడంను అడుగాలె.

పెరుగు జర పులిసింది.
తొక్కు బాగున్నది.