ఏడాది ఉంచి చింపేయవలెను

పాత ఆఫీసు పడగొడతారట. సోమవారంలోగా
రికార్డు గది ఖాళీ చెయ్యమన్నారు కమిషనరుగారు.
గోనెసంచులు ఇరవై, అటెండరు యేసుదానం, నేను.
తాళం తీస్తే ముందు వాసన ఎదురొచ్చింది,
తడిసి, ఆరి, మళ్లీ తడిసిన కాగితం.
ఎనభై ఆరు వరద ఈ గదిలో ఇంకా పూర్తిగా దిగలేదు,
కింది అర మీద దాని గీత, మట్టిరంగులో.

మా లాకులపేటని ఏ రాజూ కట్టించలేదు.
నీళ్లు సమానమయ్యేదాకా పడవలు లాకు దగ్గర ఆగేవి.
ఆ ఆగిన కాసేపట్లో ఒకావిడ పెసరట్లు పోసింది,
ఒకాయన గొడుగులు బాగుచేశాడు,
ఇంకొకాయన తగువులు తీర్చి రుసుము పుచ్చుకున్నాడు.
అదీ ఊరు. తరవాత దానికో మునిసిపాలిటీ.

మినిట్సు పుస్తకాలు నలభై ఒకటి.
చదవక్కర్లేదు, మూటకడితే చాలు. చదివాను.
ఏడో వార్డు కిరసనాయిలు
దీపస్తంభంలో కన్నా దీపాలవాడి ఇంట్లో
ఎక్కువ వెలుగుతున్నదని ఫిర్యాదు.
సైకిలు బిళ్లల పద్దు.
వేసంగిలో కాలవలు కట్టేశాక
మంచినీళ్ల చెరువు మీద రాత్రి కాపలా, ఇద్దరు.
చేపల మార్కెట్టు పాట మూడువందల పదహారు.
కౌన్సిలరు సత్తిరాజుగారు కుర్చీ ఎక్కి నిరసన తెలిపినందున,
కుర్చీ విరిగినందున,
మరమ్మతు ఖర్చు వారి వద్దనే వసూలు.
నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను
పంతొమ్మిదో పుస్తకం దాకా.

దాని అట్టకి దన్నుగా అతికించిన కాగితం
చెమ్మకి ఊడి చేతికొచ్చింది. అర్జీ.
"అయ్యా, కాలవ అవతల మా పేటలో
నూటపన్నెండు గడపలున్నవి.
ఇవతలికి తాటిదుంగ ఒక్కటే దారి.
శ్రావణంలో పాకుడు పట్టి జారుచున్నది.
కాలినడక వంతెన ఒకటి దయచేయవలెను."
సంతకం లేదు. వేలిముద్ర.
పక్కన ఎవరో రాసిపెట్టారు: బత్తుల మంగాయమ్మ.
మూలన ఎర్రసిరాతో, ఎల్.డిస్.
అంటే, ఏడాది ఉంచి చింపేయవలెను.

చింపాల్సిన గుమస్తా జిగురు రాసి అట్టలో పెట్టాడు.
దయో, అట్టకి వేరే కాగితం దొరక్కో.
దయ అని నేను రాయను.

అక్కణ్ణించి వంతెన కోసం వెతుక్కుంటూ పోయాను.
అవతలి పేట వంతెన: నిధులు లేవు.
అవతలి పేట వంతెన: వచ్చే సమావేశానికి.
అవతలి పేట వంతెన: సభ్యులు చాలనందున.
మధ్యలో టౌనుహాలుకి బిలియర్డ్సు బల్ల కొన్నారు.
గుమ్మంలో పట్టలేదు.
గోడ పగలగొట్టడానికి తీర్మానం, ఏకగ్రీవం,
కట్టడానికి మరొకటి.
మొత్తం పదిహేడేళ్లు.

కట్టారు చివరికి. రాతిపలక మీద పదకొండు పేర్లు.
బడికి పోతూ నేను అక్షరాలు కూడబలుక్కున్నది
ఆ పేర్ల మీదే, వేలు పెట్టి, ఒక్కొక్కటీ.
'క్ష' నాకు పుస్తకం నేర్పలేదు,
ఆరో పేరు వైస్ చైర్మన్ లక్ష్మీపతిగారు నేర్పారు.
మాది అవతలి పేటేనండి.

అమ్మకి ఫోను చేశాను.
"బత్తులోళ్లలో మంగాయమ్మలు ముగ్గురే.
పురుళ్లు పోసేదా? చుట్ట కాల్చేదా?
దుంగ మీంచి జారి కూతురు పోయిందీ, ఆవిడా?"
అర్జీలో ఆ వివరం లేదమ్మా, అన్నాను.
"అయితే ఏమో మరి," అంది.
కాసేపు ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు.

శాశ్వతంగా ఉంచాల్సిన వాటిని ఆర్.డిస్. అంటాం.
ఎల్ కొట్టేసి ఆర్ రాశాను.
కొట్టివేతకి అధికారి సంతకం ఉండాలి,
ముప్పై ఏళ్ల సర్వీసులో అందరికీ చెప్పింది నేనే.
సోమవారం అడుగుతారు. అడగనీ.

"మేడమ్, ఇదే సంచీలో వెయ్యను?" అన్నాడు యేసుదానం.
ఏ సంచీలోనూ వద్దు.
కొత్త ఆఫీసు దాకా చేత్తో పట్టుకొస్తాను,
ముద్ర నలక్కుండా.