నిమిషానికి ఎన్ని నిమిషాలు

రోటర్‌డామ్ కంటి ఆసుపత్రి మూడో అంతస్తులో
నా ఉద్యోగం
మనుషుల రెప్పలు లెక్కపెట్టడం.

నవ్వకండి.
ఒక చేతిలో స్టాప్‌వాచీ, ఒక చేతిలో పెన్సిలు.
లెక్కపెడుతున్నానని చెప్పకూడదు,
చెబితే పాపం, పరీక్ష రాస్తున్నట్టు టపటపా కొట్టేస్తారు.
అందుకే ఏదో ఒకటి అడుగుతాను:
వానలో వచ్చారా? సైకిలెక్కడ పెట్టారు?

ఈ పొద్దు మొదటి కుర్చీలో వీట్స్కే.
యాభై రెండేళ్ళు. ఓడరేవులో క్రేను నడిపేది.
ఇప్పుడూ నడుపుతుంది.
క్రేను ఒక చోట, ఆమె ఒక చోట.

"ఇరవై ఏళ్ళు నలభై మీటర్ల ఎత్తున, అద్దాల గూట్లో.
కాళ్ళ కింద అద్దం, అద్దం కింద ఓడ.
సముద్రపు గాలి సందుల్లోంచి దూరి
కళ్ళల్లో ఉప్పు కొట్టేది.
దిగేసరికి చెంపలు తడి.
ఎవరేమన్నారే అని అడిగేవాడు మా ఆయన."

ఈ మాటలు చెప్పే నిమిషంలో పదిహేడు రెప్పలు.
బాగానే ఉంది.

నాలుగేళ్ళ కిందట గూడు ఖాళీ చేయించారు.
రేవుకు రెండు కిలోమీటర్లు ఇవతల
కార్పెట్టు పరిచిన గది, ఆరు తెరలు, ఒక మీట,
నెత్తి మీద వేడిగాలి గొట్టం.
ఉప్పు లేదు.
ఇసుక మాత్రం కంట్లోనే ఉంటోంది, అంటుంది.

చేతికి పలక లాంటి తెర ఇచ్చి చదవమన్నాను.
గొంతు ఆగింది, కనుగుడ్డు ఆగింది.
నిమిషం గడిచేసరికి నాలుగు.
అందులో రెండు సగం సగం,
గుమ్మం దాకా వచ్చి
తలుపు తట్టకుండా మళ్ళిపోయిన చుట్టంలా
పైరెప్ప కిందిరెప్పను తాకకుండానే వెనక్కి.

రెప్ప అంచున చిన్న చిన్న నూనె గానుగలుంటాయి.
రెప్ప పడితేనే తిరుగుతాయవి.
ఆ పూత లేని కన్నీరు
పెనం మీద చుక్క.

నా భాషలో నిమిషమంటే మొదట
అరవై సెకన్లు కాదు, ఒక రెప్పపాటు.
రెప్ప వెయ్యనివాళ్ళు అనిమిషులు, దేవతలు.
చెమట పట్టదు, కాళ్ళకు దుమ్ము అంటదు.
వీట్స్కే గదిలో రాత్రి పూట అలాంటివాళ్ళు ఎనిమిది మంది,
కూర్చున్నచోటి నుంచే ఓడల బరువు దించుతూ.
అమృతం మాత్రం పది మిల్లీలీటర్ల సీసాలో,
మందుల షాపులో, పద్నాలుగు యూరోలకు.

డాక్టర్ తెర్‌హార్‌కు వచ్చే ఏడు రిటైర్‌మెంట్.
"నేను చేరినప్పుడు ఈ కుర్చీలో అమ్మమ్మలే కూర్చునేవాళ్ళు," అంటుంది,
"ఇప్పుడు మనవలు ముందొస్తున్నారు."
నిన్న పదకొండేళ్ళ శ్యూర్ద్ వచ్చాడు.
మూడు.
వాడు ఆటలో గెలుస్తున్నాడట, రెప్ప వేస్తే చస్తాడట.

వీట్స్కే ఇంకో సంగతి చెప్పింది.
మెట్రోలో చుక్కలు వేసుకుంటే బండి కుదిపి
మందంతా చెంపల మీదికి కారింది.
ఎదుటి సీటు కుర్రాడు కాగితం రుమాలు చాపాడు.
"ఎవరైనా పోయారా?"
మందు అని చెప్పబోయి,
ఎందుకో, "నా క్రేను" అంది.
దిగేదాకా ఆ అబ్బాయి ఫోను తీయలేదు.

సలహాల కాగితం నేనే చదివి వినిపించాలి.
గొంతు తడిపినట్టు కళ్ళు తడపండి.
గాలి గొట్టానికి ఎడంగా కూర్చోండి.
ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూడండి.

"మా గదికి కిటికీ లేదు," అంది వీట్స్కే,
కోటు గుండీలు పెట్టుకుంటూ.
"ఆరో తెరలో సముద్రం కనిపిస్తుంది.
అది దూరం కిందికి వస్తుందా?"

ఫారమంతా వెతికాను.
దానికి గడి లేదు.