హార్లన్ వాగు చప్టా

సాయంత్రం ఆరింటికి కబురొచ్చింది:
రాత్రి ఉరుములతో వాన, పెద్దది, నెమ్మదిగా నడిచేది.
"నెమ్మదిగా" అన్న మాట దగ్గర
రేడియోలో కుర్రాడి గొంతు కాస్త ఆగింది.
పరిగెత్తే గాలివానైతే
కప్పు మీంచి నాలుగు రేకులు పట్టుకుపోతుంది, అంతే.
నడవనిదే భయం.
కొండ మీద మోకాళ్లు మడుచుకుని కూర్చుని
ఒకే చోట, ఒకే చోట కురిసేది.

నా పేరు లవోన్ ట్రిప్లెట్.
మిస్సోరీలో, ఓజార్క్ కొండల కింద,
కౌంటీ రోడ్ల శాఖలో ఇరవై రెండేళ్ల పని.
హార్లన్ వాగుకి వంతెన లేదు.
వాగులోనే పరిచిన సిమెంటు చప్టా ఉంది.
ఎండాకాలం పిల్లలు దాని మీద బూట్లు విప్పి కూర్చుంటారు,
చీలమండ తడిసేన్ని నీళ్లు.
పక్కన తెల్ల కొయ్య, అడుగుకో నల్ల గీత.
నా ఉద్యోగమల్లా ఆ గీతలు చదవడం,
రెండోది మునిగేలోపు
దారికడ్డంగా ఎర్రచారల కర్ర దించడం.

పదకొండున్నరకి మెరుపులు.
ఒక్కో మెరుపుకీ మబ్బు కనబడేది,
ఒక్కో మెరుపుకీ అక్కడే.
ఇక్కడ వాన పెద్దగా లేదు. అదే మోసం.
ఎనిమిది మైళ్ల పైన కురిసినది
చీకట్లో చప్పుడు లేకుండా దిగి వస్తోంది.
నీరు పల్లమెరుగునంటారు.
ఆ పల్లంలో ఎవరు నిద్రపోతున్నారో మాత్రం అడగదు.

పన్నెండూ పదికి మొదటి గీత.
పన్నెండూ ఇరవైకి వాసన మారింది:
పెళ్లగిలిన మట్టి, నలిగిన ఆకు, ఎవరిదో డీజిలు.
కప్పలు ఒక్కసారిగా ఊరుకున్నాయి.
కర్ర దించాను.

ఒంటిగంటకి డ్వైట్ హబర్డ్ పికప్ వచ్చి
కర్రకి జానెడు దూరంలో ఆగింది.
"అవతల కరెంటు పోయింది లవోన్. షెడ్లలో ఫ్యాన్లు ఆగాయి.
పద్దెనిమిది వేల కోళ్లు. జెనరేటరు తిప్పాలి.
గంట దాటితే ఉక్కకి ఒక్కటీ మిగలదు."
"కొయ్య చూడు."
"రెండడుగులే కదా! నలభై ఏళ్లుగా దాటుతున్నా."
"పగలు దాటావు."

నీళ్ల లోతు కొయ్య చెబుతుంది.
కింద చప్టా ఉందో లేదో కొయ్య చెప్పదు.
అదే అన్నాను. ఇంకేమన్నానో గుర్తులేదు.
కర్ర ముందుకెళ్లి నిలబడ్డాను, అరవై దాటినదాన్ని,
వర్షపు కోటు, చేతిలో టార్చి.
అతని హెడ్‌లైట్లకి నా నీడ నీళ్ల మీద పడి
ముక్కలై కొట్టుకుపోతోంది.
ఇంజను ఆపలేదు. ముందుకీ రాలేదు.
వైపర్లు ఏదో లెక్కపెడుతున్నట్టు ఆడుతూనే ఉన్నాయి.

రెండున్నరకి మూడో గీత.
పైనుంచి ఎవరింటిదో ప్రొపేన్ ట్యాంకు, తెల్లగా,
నిద్రలో పక్కకి తిరిగే మనిషిలా దొర్లుతూ పోయింది.
ఇద్దరం చూశాం.
ఫ్లాస్కులో కాఫీ ఇస్తే పుచ్చుకోలేదు.

తెల్లారేసరికి మబ్బు ఉన్నచోటే అరిగిపోయింది.
నీళ్లు తీశాయి.
చప్టా ఉంది.
చెక్కుచెదరకుండా, కడిగిన పళ్లెంలా,
మీద ఒక చేప కొట్టుకుంటూ.
అది కొట్టుకుపోయి ఉంటే బాగుండునని
ఒక్క క్షణం అనుకున్నాను, దేవుడు మన్నించాలి.
డ్వైట్ చప్టా వైపు చూశాడు. నా వైపు చూశాడు.
నేను కర్ర ఎత్తేదాకా ఆగాడు.
చేప మీదికి ఎక్కించకుండా, ఓరగా దాటాడు.

మధ్యాహ్నానికి షెడ్ల వైపు నుంచి గాలి తిరిగింది.
నాకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

ఆఫీసు పుస్తకంలో రాశాను:
దించినది పన్నెండూ ఇరవై, ఎత్తినది ఆరూ నలభై.
ఏమీ జరగలేదు.

మునిగినవాడికైతే రోడ్డు పక్క శిలువ పాతుతారు,
ఏడాదికోసారి పూలు మారుస్తారు.
మునగనివాడు
ఆదివారం చర్చిలో నాకు అవతలి వరసలో కూర్చుంటాడు,
ఎండకి కమిలిన మెడతో, దగ్గుతూ,
ఇటు తిరగకుండా,
పాటల పుస్తకంలో పేజీ వెతుక్కుంటూ.