బోణీ బేరం

రంగనాథన్ వీధిలో నా ఉద్యోగం
ఆగడం.

నడిచే జనంలో నడుస్తూ వచ్చి
కదిర్వేలు బండి ముందు, ఏదో గుర్తొచ్చినట్టు,
ఆగాలి.
అతను క్యారెట్టుని తురుముపీట మీద తోస్తుంటాడు,
చక్రాలు, పుల్లలు, పువ్వులు రాలుతుంటాయి.
నేను నోరు కొంచెం తెరవాలి.
మరీ తెరిస్తే నాటకమని తెలిసిపోతుంది.
"ఎవ్వళవు అణ్ణా?" అని పదిమందికీ వినపడేలా అడగాలి.
నూట యాభై అంటాడు. నూటపదికి దింపి
అతనిచ్చిన డబ్బే అతనికిచ్చి
నలభై గెలుచుకున్న ముఖంతో సంచీలో వేసుకుని
ఉస్మాన్ రోడ్డు మలుపు దాకా పోయి
బట్టల కొట్టు వెనక సందులోంచి తిరిగొచ్చి
సంచీలోది అతని గోనెపట్టా కింద పెట్టేయాలి.
విడతకి పదిహేను రూపాయలు. మధ్యాహ్నం టీ అతనిదే.

కదిర్వేలు బడిలో చదివింది ఆరో తరగతి.
జనాన్ని చదివింది ఇరవై రెండేళ్ళు.
"ఒకరు ఆగితే పిచ్చి
ఇద్దరు ఆగితే వింత
ముగ్గురు ఆగితే సంత."
అతను అరవంలో అన్నాడు. ప్రాస నేను కట్టుకున్నాను,
టీ చల్లారేలోపు.

మూడో మనిషి కోసమే మా కాపలా.
ఆ మనిషి వచ్చాక నాతో పనిలేదు.
చంకలో పిల్లతో ఒకావిడ, ఆమె భుజం మీదుగా
మెళ్ళో ఆఫీసు కార్డు వేలాడే కుర్రాడు,
వాడి వెనక ఇంకెవరో.
కొనేవాళ్ళు క్యారెట్టుని చూడరు.
పక్కవాళ్ళ చేతుల్ని చూస్తారు.
పర్సులోకి వెళ్ళిందా, లేదా.
"ఇక నాలుగే ఉన్నాయి" అని అతను అన్నప్పుడల్లా
వాళ్ళ గొంతుల్లో ఏదో మింగుడు పడటం చూశాను.
పట్టా కింద అరవై ఉన్నాయి. లెక్కపెట్టింది నేనే.

మొదట్లో నవ్వుకునేదాన్ని.
ఓ సాయంత్రం మాంబళం స్టేషన్ వంతెన మీద
పదిమంది కమ్మీ పట్టుకుని కిందికి చూస్తుంటే
బీచ్ బండి వదులుకుని మరీ నేనూ వంగి చూశాను.
పట్టాలు. కంకర. ఓ ఖాళీ నీళ్ళ సీసా.
"ఏమైంది?" అన్నాను.
"తెలీదు" అన్నాడు పక్కాయన, చూపు తిప్పకుండా.
అందరికంటే ముందు వంగినవాడికి
ఎవరిచ్చారో కూలి.

ఇంకొకటి ఉంది, చెప్పుకోవాలంటే సిగ్గు.
రోజుకి ఇరవైసార్లు
"అబ్బ, ఎంత సన్నగా తెగుతోందో" అంటుంటే
ఆ మాట నా చెవిలోనూ పడేది కదా.
ఆడిమాసంలో ఒకరోజు
సంచీలోది తిరిగి పెట్టలేదు.
నూటపది నా కూలిలో పట్టుకోమన్నాను.
కదిర్వేలు నా ముఖంలోకి కాసేపు చూశాడు.
వందే పట్టుకున్నాడు. ఏమీ అనలేదు.

వారానికే దాని పన్ను విరిగింది.
"నీకు తొయ్యడం రాదే" అని కూతుర్ని కసిరాను.

నిన్న తుంపర. జనం పల్చన.
ప్లాస్టిక్ దుద్దుల మనిషి ఒకామె
నేను తెలుగుదాన్నని ఎలా పసిగట్టిందో,
మోచెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది:
"నిజంగా పనికొస్తుందా అమ్మా?"

అరవంలో నా అబద్ధాలన్నీ కంఠతా వచ్చు.
తెలుగులో ఒక్కటీ తయారుగా లేదు.
తల అడ్డంగా ఊపాను.
కళ్ళతో కూడా వద్దన్నాను.
ఆమె నన్ను చూసింది.
తర్వాత, బండి మీదికి చాచిన చేతుల్ని చూసింది.
నా తల ఒకటి. అవి మూడు.
రెండు కొంది. ఒకటి వదినకట.

రాత్రి చూళైమేడు ఇంట్లో
కత్తిపీట ముందేసుకుని బీన్స్ తరుగుతున్నాను.
పక్కింటి చెంచులమ్మ గుమ్మంలో నిలబడి
మేకుకి కవరుతో సహా వేలాడుతున్నదాన్ని చూసి
"అదెలా ఉందే?" అంది.
"చాలా బాగుంది" అన్నాను.
తెలుగులోనే.

ఈ విడతకి నాకు
ఎవరూ పదిహేను రూపాయలు ఇవ్వలేదు.